దొంగ ఊ

తాండూరులో బండల పాలిష్ యూనిట్లు ఉన్న రోడ్డు మీద పగలంతా ఒకటే మోత. మిషన్ కింద నాపరాయి అరుగుతుంటుంది, మీద నీళ్లు పడుతుంటాయి, ఆ తెల్లటి బురద కాలువ కట్టి రోడ్డు పక్కకు పారుతుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. తడి రాయి వాసన అది. వాన వాసనలాగే ఉంటుంది గానీ వాన కాదు, అందులో కాస్త ఇనుము కాలిన వాసన కూడా కలుస్తుంది. మన ఈశ్వర్‌కు మాత్రం అదే అన్నం వాసన. పొద్దున ధారూర్‌లో రైలెక్కి తాండూరు పోవడం, సాయంత్రం మళ్లీ రైలెక్కి ఇంటికి రావడం, మీసం రాని రోజుల నుంచీ ఇదే బతుకు.

మనిషి చెడ్డవాడేం కాదండీ. ఎవరి మీదా నోరు చేసుకోడు. కాకపోతే ఒక్క గుణం ఉంది. ఎవరేం చెప్పినా సగం వింటాడు, మిగతా సగానికి తలూపుతాడు. "ఆఁ, ఆఁ" అంటూనే ఉంటాడు, అంతా అయిపోయాక "ఏమన్నవు?" అంటాడు. అతని భార్య పద్మారాణి ఎన్నోసార్లు అంది: "నీతోని చెప్పుడు కంటె గోడతోని చెప్పుడు నయమయ్యా. గోడ కనీసం ఫోన్ చూడది."

అతన్ని పెంచింది తండ్రి తల్లి హన్మమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే, ఆ ముసలామే సంకలో వేసుకుని మేకపాలు తాగించి మనిషిని చేసింది. ఇప్పుడామెకు చూపు లేదు. కాళ్లు కట్టెల్లాగా బిగుసుకుపోయి ఏళ్లయింది. ఒక కాలు మడవాలంటే ఇద్దరు పట్టాలి, అప్పటికీ మడతపడేది కాదు. మొన్న ఆయాసం వస్తే వికారాబాద్ పెద్దదవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ చూసి, ఈశ్వర్‌ను పక్కకు పిలిచి, "ఇంటికి తీసుకపోండి. ఏమడిగితే అది పెట్టండి" అంది.

ఏమడుగుతుందో అని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారు. బొక్కల చారు అడుగుతుందేమో, జిలేబీ అడుగుతుందేమో అని. హన్మమ్మ అవేవీ అడగలేదు.

"నా కాడ ఒక కథ మిగిలింది కొడుకా. కూసొని ఇనుర్రి" అంది.

అవ్వ కథ చెప్పడమంటే అదొక పద్ధతి. ఒక ముక్క చెప్పి ఆగుతుంది. వినేవాళ్లు "ఊ" అనాలి. అంటేనే రెండో ముక్క. ఊ లేకపోతే అక్కడే ఆగిపోయి, గాలిలోకి చెయ్యి చాపి, ఎవరైనా ఉన్నారా అని తడుముతుంది. ఊళ్లో పిల్లలందరూ ఆమెకు ఊ కొట్టి పెరిగినవాళ్లే.

"గీ కథ మా అమ్మమ్మ నాకు మొత్తం చెప్పి, నా ఒళ్లె తలపెట్టి పోయింది" అంది హన్మమ్మ. "నాతోని గిది సగంల ఆగొద్దు. కడుపుల సగం కథ పెట్టుకొని పోతే నాకు తోవ దొరకది. గీ అర్రలనే తిరుగుత. ఒక్క మనిషి, ఒక్కడే, మంచిగ మనసు పెట్టి ఇంటే చాలు."

అంతే ఆమె కోరిక. ముసలామె అడిగింది రెండు చెవులు.

మొదటి సాయంత్రం ఈశ్వర్ కూర్చున్నాడు. పద్మారాణి గుమ్మం దగ్గర బియ్యం ఏరుతోంది.

"అనంతగిరి గుట్టల్ల, నీళ్లు పుట్టే కాడ, ఒక నల్లబండ ఉండేదట."

"ఊ."

"మేకలు కాసే పిల్ల ఒకతి దాని మీద కూసొని సద్ది తినేది. చలికాలం కూసుంటే ఎచ్చగ, ఎండాకాలం కూసుంటే సల్లగ."

"ఊ."

"ఒకనాడు ఆ బండ అన్నది, ఓ పిల్లా, నా కథ ఇంటవా అని."

"బండకు నోరెక్కడిదవ్వా?"

"ఊ అను కొడుకా."

"ఊ."

ఆ బండ ఒక రాజు కొడుకట. ఒక మాయలాడి అతని మీద మనసుపడి, తన మనసులోదంతా అతని ముందు కుమ్మరించిందట. ఆమె చెబుతున్నంతసేపూ ఆ పిల్లగాడు దిక్కులు చూస్తూ ఊ, ఊ అన్నాడట. ఆమె కనిపెట్టింది. ఇననోడికి ఒళ్లెందుకు, బండవై పడుండు అని శపించింది. ఇక విమోచనం ఏమిటంటే, ఎవరైనా ఒక్కరు అతని కథను రాత్రంతా కూర్చుని వినాలి. వాళ్లు మనసుతో అన్న ప్రతి ఊకు కింది నుంచి కొంచెం కొంచెం బండ మనిషవుతుంది.

"ఇనకుంట ఊ అన్నరనుకో, అది దొంగ ఊ" అంది హన్మమ్మ గొంతు తగ్గించి. "దొంగ ఊ అన్నోళ్లకు ఆ బండ ఎక్కుతది. కాళ్ల కాడ మొదలైతది."

"గదంత ఎందుకవ్వా, మా యూనిట్‌కు తెస్తే ఒక్క పూటల పాలిష్ కొట్టి రాజకొడుకును బయటికి తీస్తుంటిమి" అన్నాడు ఈశ్వర్.

పద్మారాణి చేటలో తలపెట్టి నవ్వు ఆపుకుంది. హన్మమ్మ నవ్వలేదు. ఆమె కళ్లు, చూపులేని ఆ రెండు తెల్లటి కళ్లు, ఈశ్వర్ ఎక్కడున్నాడో సరిగ్గా అక్కడికే తిరిగాయి.

"గా రాజు కొడుకు గూడ గిట్లనే నవ్విండు" అంది.

కథ సాగింది. మేకల పిల్ల మంచులో కూర్చుని ఊ కొట్టింది. అతనికి పాదాలొచ్చాయి, మోకాళ్లొచ్చాయి, రొమ్ము వచ్చింది. చేతులొచ్చాయి, ఆ చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఒక్క ముఖం మిగిలింది. తూర్పు తెల్లబడుతోంది. పిల్లకు కన్ను మూతపడింది. ఆ నిద్రలో, వినకుండానే, నోట్లోంచి ఒక ఊ జారింది. చూస్తే తన కాళ్లు… బండ.

"ఇంటున్నవా కొడుకా?"

అక్కడిదాకా విన్న ఈశ్వర్ అప్పుడే గోడకు ఆనుకుని గుర్రు పెట్టాడు. ఆ గుర్రులోంచే, అలవాటు కొద్దీ, "ఊ" అన్నాడు.

హన్మమ్మ గాలిలోకి చెయ్యి చాపి తడిమింది. తర్వాత, "మళ్ల మొదటి నుంచి చెప్పాలె" అంది. ఎవరితోనో తెలియదు.

ఆ తర్వాతి శనివారం పద్మారాణి తన చెల్లె శ్రీమంతానికి తాండూరు పోవాల్సొచ్చింది. పోతూ పోతూ గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఒక్క రాత్రయ్యా. తెల్లారంగ మొదటి రైలుకు వస్త. అవ్వ మళ్ల కథ ఎత్తుకుంటనంటున్నది. ఊపిరి ఎట్లున్నదో చూస్తున్నవు గద. ఆమెకు ఇంకో మాపు ఉన్నదో లేదో. పక్కన కూసో. నీకు దండం పెడ్త."

"కూసుంట తియ్యి. నేనేమన్న పరాయోన్నా?"

చూడండి, కూర్చుందామనే అనుకున్నాడు. కానీ ఆ రాత్రే కప్పు ఫైనల్ మ్యాచ్. యూనిట్‌లో వారం నుంచీ అదే ముచ్చట. అవ్వ పక్కన కూర్చుంటే మ్యాచ్ పోతుంది, మ్యాచ్ చూస్తే అవ్వ ఊరుకోదు. పొయ్యి దగ్గర గంజి కాచుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. అప్పుడు మెరిసింది అతని బుర్రలో ఒక ఉపాయం. అది మెరవకపోయుంటే బాగుండేది.

అవ్వ దిండు పక్కన ఒక పాత ఫోన్ ఉండేది. పద్మారాణి కొన్నాళ్లు వాడి వదిలేసినది. తను బయటికి పోయినప్పుడు అవ్వతో మాట్లాడటానికని అక్కడే ఉంచింది. ఈశ్వర్ దాన్ని తీసుకుని పెరట్లోకి పోయి, గోడ వైపు తిరిగి నిలబడి, నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఊ…" ఆగాడు. అవ్వ ఒక ముక్క చెప్పేంతసేపు మనసులో లెక్కపెట్టుకున్నాడు. "ఊ…" మళ్లీ ఆగాడు. "ఊ…"

గోడ అవతల నుంచి పక్కింటి షమ్సున్నీసా తల పైకెత్తింది. హన్మమ్మ ఈడు మనిషి. ఆమె ఇంటికీ వీళ్లింటికీ మధ్య ఒకే ఒక్క మట్టిగోడ. ఇక్కడ దగ్గితే అక్కడ వినిపిస్తుంది.

"క్యా హువా బేటా? కడుపు నొస్తున్నదా?"

"లే ఖాలా… గొంతు సాఫ్ చేసుకుంటున్న."

"జర ఓమ నీళ్లు తాగు."

ఆ రికార్డింగును మళ్లీ మళ్లీ మోగేలా పెట్టి చూసుకున్నాడు. అబ్బో, అచ్చం తనే! ఒక్కడే కిసుక్కున నవ్వుకున్నాడు కూడా.

దీపాలు పెట్టేవేళకు అవ్వకు గంజి తాగించి, మూతి తుడిచి, పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. "చెప్పవ్వా" అన్నాడు. నాలుగైదు ముక్కలకు తన నోటితోనే ఊ కొట్టాడు. ఆ తర్వాత చిన్నగా ఫోన్ నొక్కి దిండు పక్కన పెట్టాడు. అవ్వ ఆగింది. "ఊ…" అంది ఫోన్. అవ్వ మళ్లీ ఎత్తుకుంది.

మునివేళ్ల మీద బయటికొచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

వసారాలో నులకమంచం, చేతిలో తన ఫోన్, ఒక చెవిలో ఇయర్‌ఫోన్. రెండో చెవికి లోపలి మాట లీలగా వినిపిస్తోంది. "ఇంటున్నవా కొడుకా?" "ఊ…" ఎంత బాగా కుదిరిందంటే, యూనిట్‌లో అందరికీ చెప్పి నవ్వించాలనుకున్నాడు. కాసేపటికి మ్యాచ్ రసపట్టులో పడింది. రెండో చెవిలో కూడా ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు.

వాన మొదలైంది. వసారా రేకుల మీద ముందు ఒక్కొక్క చినుకు, తర్వాత గంపలతో గులకరాళ్లు కుమ్మరించినట్టు. కరెంటు పోయింది. వీధిలో లైటు పోయింది, ఎదురింటి లైటు పోయింది. ఊరంతా మసిగుడ్డ కప్పినట్టయింది. ఫోన్‌లో బొమ్మ ఆగిపోయి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది. విసుగొచ్చి చెవుల్లోవి పీకేశాడు.

లోపల అవ్వ చెబుతూనే ఉంది.

"ఊ…"

పర్వాలేదే, ముసలి ఫోన్‌కు ఇంత బ్యాటరీ ఎక్కడిదనుకున్నాడు.

"ఊఁ…?"

ఈశ్వర్ తల తిప్పాడు.

అది అడిగిన ఊ. తర్వాతేమైంది అన్నట్టు. అలాంటిది తను అనలేదు. తనవన్నీ ఒక్క తీరుగా, ఒక అచ్చులో పోసినట్టు ఉండాలి. ఇది అలా లేదు. ఒకటి పొట్టిగా, ఒకటి సాగదీసి. ఒకచోట ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఆ తర్వాత మెల్లగా… "ఊ…"

అవ్వ నవ్వింది. దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి కాదు, అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచి ఆమె అలా నవ్వగా అతను వినలేదు.

"గట్ల ఇనాలె బిడ్డా. మంచిగ ఇంటున్నవు నువ్వు."

బిడ్డా.

పుట్టినప్పటి నుంచి తనను కొడుకా అనే పిలిచింది అవ్వ. ఆడపిల్లను పిలిచినట్టు బిడ్డా అని ఒక్కనాడూ అనలేదు. ఆమెకు ఆడపిల్లలు లేరు.

ముసలిది, కలవరిస్తోందిలే అనుకున్నాడు. చేతిలో ఫోన్ మోగితే మంచం మీద ఎగిరిపడ్డాడు. పద్మారాణి.

"అవ్వ ఎట్లున్నది?" గుసగుసగా అడిగింది. చుట్టూ శ్రీమంతం ఆడవాళ్ల సందడి.

"కథ చెప్తున్నది."

"నువ్వు పక్కనే ఉన్నవా?"

"పక్కనే ఉన్న."

"ఊ…" అని వినిపించింది లోపల్నుంచి.

పద్మారాణి ఆ సందడిలోంచి పక్కకు జరిగినట్టుంది, చప్పుడు తగ్గింది.

"ఊ అన్నదెవరయ్యా?"

"నేనే."

"నువ్వు నాతోని మాట్లాడుతున్నవు గద."

"…నీ పాత ఫోన్ల పాట వస్తున్నది. అవ్వకు పెట్టిన."

"ఏం పాట? అవ్వ కాడి ఫోన్‌కు ఇందాకటి నుంచి చేస్తనే ఉన్న. బందయి ఉన్నది. గందుకే నీకు చేసిన."

వాన ఒక్కసారి పెద్దదయింది. లైను తెగిపోయింది.

ఈశ్వర్ లేచి నిలబడ్డాడు. నిలబడ్డాడే గానీ కాలు కదల్లేదు. తలుపు సందులోంచి ఒక వాసన వస్తోంది. ముందు వాన వాసన అనుకున్నాడు. కాదు. అందులో ఇనుము కాలిన వాసన ఉంది. తడి రాయి వాసన. ఎక్కడో తాండూరులో, మిషన్ కింద, నీళ్లు పడుతూ బండ అరుగుతుంటే వచ్చే వాసన… తన ఇంట్లో, అవ్వ అర్రలో.

తలుపు దాకా పోయాడు. చెయ్యి తలుపు మీద పెట్టాడు. చల్లగా ఉంది చెక్క. సందులోంచి చూశాడు. మంచం కోడు కనపడింది. అవ్వ చెయ్యి కనపడింది, గాలిలోకి చాచి, దేన్నో నిమురుతోంది… మెల్లగా… తల నిమిరినట్టు. ఆ చేతి కింద, మంచం కన్నా కొంచెం ఎత్తుగా, చీకటి కన్నా నల్లగా… కూర్చుని ఉంది.

"ఊ…"

లోపలికి పోవాలి. పోయి ఏం చెప్పాలి? అవ్వా, నీ పక్కన ఉన్నది నేను కాదు… మరెవరు? ఫోను పెట్టిన. నీ ఆఖరు కథకు ఫోను పెట్టి నేను బయట మ్యాచ్ చూస్తున్న. ఈ మాట చెప్పడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, ఆ తలుపు దగ్గర అతన్ని పట్టి ఆపింది భయం ఒక్కటే కాదు. భయమే అయితే ఎవరినైనా కేకేసేవాడు. షమ్సున్నీసా గోడ అవతలే ఉంది, ఒక్క అరుపు చాలు. కానీ అరిస్తే జనం వస్తారు. వస్తే దిండు పక్కన ఫోన్ చూస్తారు. ఎందుకు పెట్టినవురా అని అడుగుతారు.

అరవలేదు.

లోపల గచ్చు మీద ఏదో జరిగింది. గర్ర్… మని. బరువైన బండను బండ మీద ఈడ్చినట్టు. మంచానికి ఇంకాస్త దగ్గరికి.

ఈశ్వర్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. కళ్లు కూడా మూసుకున్నాడు. తలుపు పక్కనే గోడకు కరుచుకుని, మోకాళ్ల మధ్య తలపెట్టి, అలాగే కూర్చున్నాడు. ఎంతసేపో అతనికే తెలియదు. చెవుల్లో తన నెత్తురు కొట్టుకోవడం తప్ప ఇంకేమీ వినలేదు. కథ ఆఖరంతా ఆ గోడకు అటువైపు నడిచింది, ఇటు ఇతను చెవులు మూసుకున్నాడు.

చేతులు తీసేసరికి వాన వెలిసింది. చూరు నీళ్లు కారుతున్నాయి… టప్… టప్…

"అయిపాయె" అంది అవ్వ. గొంతులో ఆయాసం లేదు. "నా కాడ ఇంకేం లేదు. ఇగ నువ్వు చెప్పు బిడ్డా. నేను ఇంట."

చూరు నుంచి ఇంకో చుక్క పడింది.

తర్వాత ఇంకో గొంతు మొదలైంది. ఆడగొంతే. లోతుగా, గరగరమంటూ, చాలాకాలం వాడని తిరగలి తిరిగినట్టు. ఏం చెబుతోందో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక ముక్క చెప్పి ఆగుతోంది.

"ఊ" అంటోంది అవ్వ.

ఇంకో ముక్క.

"ఊ."

ఇంకో ముక్క…

"ఊ…"

పోనుపోను ఆ ఊ సన్నబడింది. తర్వాత ఆ గొంతు ఒక ముక్క చెప్పి ఆగింది. ఆగి, ఎదురుచూసింది. ఊ రాలేదు.

తెల్లవారుజామున మొదటి రైలుకు వచ్చిన పద్మారాణి, వసారాలో గోడకు ముడుచుకుని ఉన్న భర్తను చూసి ఏమీ అడగకుండా తలుపు తోసింది. ఈశ్వర్ ఆమె వెనకే దూరి, ముందు దిండు పక్కనున్న ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు. ముందు అదే పని చేశాడు. అవ్వ ముఖం తర్వాత చూశాడు. ఫోన్ ఆరిపోయి ఉంది. చేతికి రాతిముక్కలా చల్లగా తగిలింది.

హన్మమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ప్రాణం లేదు. తల ఒక పక్కకు వాలి ఉంది, ఎవరి భుజం మీదో ఆనించినట్టు. ముఖంలో నవ్వు. చూసి ఏడవడానికి కూడా లేదు, అంత నిమ్మళంగా ఉంది.

"కాళ్లెట్ల మడిచిందయ్యా?" అంది పద్మారాణి.

చిన్నపిల్ల బాసిపట్లు వేసుకున్నట్టు వేసుకుని ఉంది అవ్వ. ఏళ్ల తరబడి ఇద్దరు పట్టినా మడతపడని కాళ్లు. పద్మారాణి ముట్టుకుంటే మెత్తగా, ఇంకా కొంచెం వెచ్చగా ఉన్నాయి.

"నువ్వు పక్కనే ఉన్నవా?"

అప్పుడైనా చెప్పొచ్చు. అందరూ రాకముందు, ఇద్దరే ఉన్నప్పుడు.

"రాత్రంత ఉన్న. కథంత ఇన్న" అన్నాడు.

పద్మారాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. పెళ్లయినప్పటి నుంచి అలా ఎప్పుడూ చేయలేదు. ఈశ్వర్ తల దించుకుంటే గచ్చు కనిపించింది. ఆ అర్రలో తను వేయించినవన్నీ రఫ్ బండలే, యూనిట్‌లో మిగిలినవి, పాలిషు పట్టనివి. మంచం పక్కన, సరిగ్గా ఒక మనిషి కూర్చునేంత మేర, బండ అద్దంలా మెరుస్తోంది. అలా రావాలంటే మిషన్ కింద ఎన్నిసార్లు తిప్పాలో అతనికి తెలుసు. మంచం కోడు నీడ అందులో స్పష్టంగా కనపడుతోంది. పక్కకు జరిగి ఉన్న పీటను లాగి దాని మీద వేసేశాడు.

ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లందరూ ఒకటే మాట. "మనవడంటే గట్లుండాలె." "రాత్రంత కూసొని ఊ కొట్టిండట." "ముసలామె గందుకే నవ్వుకుంట పోయింది." ఒక్కొక్కరూ భుజం మీద చెయ్యి వేసి అంటుంటే, ఈశ్వర్‌కు ఆ చెయ్యి వేసినచోటల్లా కాలినట్టయింది. ఎడమకాలి వేళ్లు తిమ్మిరెక్కాయి. రాత్రంతా ముడుచుకుని కూర్చున్నందుకే అనుకున్నాడు. ఆ తిమ్మిరి ఆ రోజు పోలేదు. తర్వాత కూడా పోలేదు.

దినాల నాడు భోజనాలయ్యాయి. చీకటి పడుతోంది. వాకిట్లో చాపలు పరిచి చుట్టాలందరూ కూర్చున్నారు. హన్మమ్మ తమ్ముడి కొడుకు మొగులప్ప, దోమ అనే ఊరి దగ్గర సేద్యం చేస్తాడు, మహా ఉషారు మనిషి. అతనే మాట ఎత్తాడు.

"అరే ఈశ్వర్, మా మేనత్త ఆఖరు కథ నీకే అప్పజెప్పింది గద. జర మాకు గూడ చెప్పు. గింతమందిమి ఉన్నం, ఊ కొడ్తం."

"ఇప్పుడెందుకు మామా…"

"చెప్పయ్యా" అంది పద్మారాణి. ఆమె గొంతులో గర్వం. "నేను గూడ ఆఖరు ఇనలే."

ఇక తప్పలేదు. మొదలుపెట్టాడు. అనంతగిరి, నల్లబండ, మేకల పిల్ల. వాకిలంతా ఒక్క గొంతుతో ఊ కొట్టింది. రాజు కొడుక్కు పాదాలొచ్చాయి. ఊ. చేతులొచ్చాయి. ఊ. పిల్లకు నిద్రొచ్చింది, కాళ్లు బండయ్యాయి.

"ఊ" అన్నారందరూ, ముందుకు వంగి.

ఈశ్వర్ ఆగాడు. అక్కడి నుంచి తన దగ్గర ఏమీ లేదు.

"ఇగ… ఇద్దరు పెండ్లి చేసుకొని సుఖంగ ఉన్నరు. గంతే."

ఎవరూ ఊ అనలేదు.

"మరి కాళ్లు?" అన్నాడు మొగులప్ప.

"ఏం కాళ్లు?"

"పిల్ల కాళ్లు బండయినయ్ అంటివి గద. పెండ్లికి ఎట్ల నడిచిందిర? ట్రాలీల ఎక్కించుకపోయిర్రా?"

అందరూ గొల్లుమన్నారు. ఈశ్వర్ కూడా నవ్వబోయాడు.

"అవి… మంచిగయినయి మామా."

"ఎట్లయినయి?"

నవ్వులు తగ్గాయి. వాకిలి చల్లబడింది. అందరూ అతని నోటి వంక చూస్తున్నారు. పద్మారాణి కూడా చూస్తోంది, ఆమె ముఖంలో గర్వం ఒక్కొక్క పొరే ఊడిపోతోంది.

వెనక, అవ్వ అర్రలోంచి, నిదానంగా వచ్చింది…

"ఊహూఁ…"

"గదిగో, లోపల ఆడోళ్లు గూడ ఒప్పుకుంటలేరు" అన్నాడు మొగులప్ప. మళ్లీ నవ్వారు. పద్మారాణి నవ్వలేదు. ఆమె చుట్టూ చూసింది. ఆడవాళ్లందరూ వాకిట్లోనే ఉన్నారు.

జనం వెళ్లిపోయాక ఈశ్వర్ గోడ దగ్గరికి పోయాడు. షమ్సున్నీసా అవతల మంచం వేసుకుని తస్బీ పూసలు తిప్పుకుంటోంది.

"ఖాలా… ఆ రాత్రి నీకు వినొచ్చింది గద. కథ ఆఖరు ఏమయింది? పిల్ల కాళ్లు ఎట్ల మంచిగయినయి?"

తస్బీ ఆగింది. ఆమె అతని వంక చూసింది. ఆ చూపుకు ఈశ్వర్ తల దించేసుకున్నాడు.

"వానల నాకు మాటలు సమజ్ కాలే బేటా. ఊ అన్నది ఒక్కటే వినొచ్చింది. శురూల నీ ఊ వినొచ్చింది. జర సేపే. తర్వాత ఆ పిల్లది." మళ్లీ తస్బీ కదిలింది. "ఎవరో గానీ మస్తు దిల్ పెట్టి ఇన్నది. నన్నెందుకు అడుగుతవు? ఆ పిల్లను అడుగు."

అప్పటి నుంచి పద్మారాణి అతనితో అవసరానికే మాట్లాడుతోంది. ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేద్దామని ఈశ్వర్ రోజూ అనుకుంటాడు. ఆమె అడగదు. దీపాలు పెట్టేవేళకు అతను అవ్వ అర్రలోకి పోయి, పీట పక్కకు జరిపి, ఆ మెరిసే బండకు ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి కథ ఎత్తుకుంటాడు. ఫోన్ బయటే పెట్టి పోతాడు. మాట మాట గుర్తు చేసుకుని, మనసు పెట్టి, మెల్లగా చెబుతాడు. కాళ్లు బండయిన చోటికి వచ్చి ఆగిపోతాడు. అక్కడి నుంచి ఎంత వెతికినా ఏమీ దొరకదు.

నిన్న సాయంత్రం అలాగే ఆగిపోయి బయటికొచ్చాడు. వసారాలో పద్మారాణి అతని చెప్పులు తిరగేసి చూస్తోంది.

"కొత్తవి గదయ్యా ఇవి. మొన్ననే తెచ్చుకున్నవు. కుడిది మంచిగనే ఉన్నది. ఎడమది గిట్లెందుకు అరిగింది?"

రబ్బరు మధ్యలో చిల్లు పడి, అవతలి నేల కనిపిస్తోంది. యూనిట్‌లో బండల కింద పెట్టే రబ్బరు ముక్కలు అలాగే అరుగుతాయి. ఈశ్వర్‌కు తెలుసు. ఆమె చెప్పు కింద పడేసి లోపలికి పోయింది.

ఒక్కడే నిలబడి, ఎడమకాలి బొటనవేలుతో గచ్చు మీద చిన్నగా తట్టి చూశాడు.

టక్.

లోపలి అర్రలోంచి, తర్వాతేమైంది అన్నట్టు…

"ఊఁ…?"